గురువారం క్లాసులో నేను దిద్దిన మాట

మా సంఘంలో గురువారం మధ్యాహ్నం స్త్రీల ప్రార్థన జరుగుతుంది. నేను ఎర్రగుంట్ల హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరుగా రిటైరయ్యాక, ప్రార్థన తర్వాత ఒక గంట వాళ్ళకు ఇంగ్లీషు చెప్పమని పాస్టరుగారు అడిగారు. అవసరం అలా వచ్చింది. ఊళ్ళో ఇంగ్లీషు మీడియం బడులు పెరిగాయి. బిడ్డను చేర్చుకునే ముందు తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి, కుటుంబం గురించి ఇంగ్లీషులో చెప్పమంటున్నారు. తండ్రులు చాలామంది సిమెంటు లారీల మీద ఉంటారు. చెన్నై, బెంగళూరు తిరిగి పదిరోజులకోసారి ఇల్లు చేరతారు. కాబట్టి ఆ కుర్చీలో కూర్చుని జవాబు చెప్పవలసింది తల్లే.

పదకొండు మంది వచ్చేవారు. మొదటి నెల అంతా సర్వనామాల దగ్గరే ఆగిపోయాం. మనం మనిషిని చూసి మాట ఎంచుకుంటాం. వాడు, అతను, ఆయన, వాళ్ళు అని మర్యాదకు తగ్గట్టు మెట్లు ఉన్నాయి. ఇంగ్లీషుకు ఆ మెట్లు లేవు. మగవాడైతే ఒక్కటే 'హీ'. ఇది చెప్పగానే వెనక కూర్చున్న ఒకామె చెయ్యెత్తింది.

"మా మూడేండ్ల పిల్లోడూ 'హీ'నే, మా మామా 'హీ'నేనా సారూ?"

"అంతేనమ్మా."

"మా మామ వింటే ఇంట్లో బువ్వ పెట్టనీడు."

"దేవుణ్ణి కూడా ఇంగ్లీషులో 'హీ' అనే అంటారమ్మా" అన్నాను. ఇక ఒప్పుకుంటారనుకున్నాను.

"దేవుడు సహిస్తాడు సారూ, ఆయప్పకు శానా ఓర్పు" అంది ఆమె. "మా మామకు యాడిదీ ఓర్పు?"

'మై', 'అవర్' దగ్గర ఇంకో గలాటా. మా ఇల్లు, మా ఊరు, మా ఆయన అని మాట్లాడే నోళ్ళు కదా. ఒకామె లేచి నిలబడి ధైర్యంగా "అవర్ హస్బెండ్ ఈజ్ ఎ డ్రైవర్" అంది. పక్కనున్నామె ఆమె చీర కొంగు పట్టి లాగింది. "కూర్చో మే. నీ మొగుణ్ణి మాకెందుకు పంచిపెడతాండావు? మా వాళ్ళతోనే వేగలేకుండా ఉండాం." ఆ రోజు పాఠం అక్కడితో ముగిసింది.

నేను కూడా నవ్వాను గానీ, మనసులో ఒక పట్టుదల ఉండేది. సంఘంలో నేను పెద్దను. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాసే రిజిస్టరు పద్దెనిమిదేళ్ళుగా నా చేతిలో ఉంది. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవరికి ఏమవుతారో అందులో తప్పు లేకుండా రాస్తానని నాకు పేరు. తప్పుగా చెప్పిన మాట అబద్ధ సాక్ష్యంతో సమానమని చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకున్నాను. ఎవరిది ఎవరిదో తేల్చి చెప్పే ఈ చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు నాకు 'అబద్ధ సాక్ష్యం పలకకూడదు' అన్న దేవుని ఆజ్ఞలో భాగంగానే కనిపించేవి.

ఆ పదకొండు మందిలో ఒకామె తనతోపాటు కూతురిని తెచ్చుకునేది. పాపకు పదకొండేళ్ళు. ఆరో తరగతికి ఇంగ్లీషు మీడియం బడిలో దరఖాస్తు పెట్టాలనుకున్నారు. నిజానికి ఆ పాప ఆమెకు పుట్టిన బిడ్డ కాదు. పాపకు రెండేళ్ళు నిండకముందే తల్లి చనిపోయింది. లారీ డ్రైవరైన తండ్రి మరుసటి ఏడాది ఈమెను చేసుకున్నాడు. ఈమెకు ఇప్పుడు రెండేళ్ళ కొడుకు ఉన్నాడు. పాప ఆమెను చిన్నమ్మా అని పిలిచేది. కోయిలకుంట్లలో పాప అవ్వ ఉంది, చనిపోయిన తల్లికి తల్లి. సెలవుల్లో పోయినప్పుడల్లా ఆ ముసలామె మనవరాలికి ఒకటే చెప్పేదట, "ఎంత చేసినా ఆయమ్మ నీ తల్లి కాదు, మర్చిపోవాకు" అని. అదీ తప్పుపట్టవలసిన మాట కాదు. బిడ్డను మట్టిలో పెట్టిన తల్లి ఇంకేం చెబుతుంది?

ఒక గురువారం ఇంటర్వ్యూ లాగే చేసి చూపమన్నాను. నేను ప్రిన్సిపాలు మేడం. ఈమె వంతు వచ్చింది. పాప భుజం మీద చెయ్యి వేసి నిలబడి, తడబడకుండా అంది. "గుడ్ మార్నింగ్ మేడం. దిస్ ఈజ్ మై డాటర్."

నేను ఆపాను.

"అట్ల కాదమ్మా. 'హిజ్ డాటర్' అనాలి. మీ ఆయన మొదటి భార్య బిడ్డ కదా. పైగా ఆ బడివాళ్ళు సర్టిఫికెట్లు చూస్తారు. వాటిలో తల్లి పేరు వేరే ఉంటుంది. నువ్వు నీ కూతురంటే అబద్ధమవుతుంది."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. బోర్డు మీద రాశాను. పైన 'మై సన్', కింద 'హిజ్ డాటర్'. 'హిజ్' కింద గీత కూడా గీశాను, మర్చిపోకుండా ఉండాలని. ఆ గదిలో నా తర్వాత ఇంగ్లీషు బాగా చదవగలిగింది ఆ పాపే. చదువుకుంది. చిన్నమ్మ నా ముఖం చూసింది, పాపను చూసింది. నేను సంఘ పెద్దను, మాస్టరును. "ఊఁ, చెప్పమ్మా" అన్నాను. ఆమె పాప భుజం మీద నుంచి చెయ్యి తీసి, మెల్లగా అంది. "దిస్ ఈజ్ హిజ్ డాటర్."

"వెరీ గుడ్" అన్నాను నేను.

తరువాతి గురువారం పాప రాలేదు. ప్రార్థన అయ్యాక ఆమె కొడుకును చంకనేసుకుని బోర్డు దగ్గరికి వచ్చింది.

"పాప కోయిలకుంట్లకు పోతానంటాంది సారూ. అవ్వ దగ్గర ఉండి ఆడి గవర్మెంటు బడిలో చదువుకుంటాదంట."

"ఎందుకమ్మా? ఇక్కడ సీటు కోసం ఇంత కష్టపడుతుంటే?"

"అవ్వ చెప్పిందే నిజమంట. ఇన్నాళ్ళూ నమ్మలేదంట. నీ నోటితో నువ్వే చెప్తివి గదా చిన్నమ్మా, అనింది."

నాకు చురుక్కుమంది. కానీ మాస్టరు బుద్ధి ముందు నోరు తెరిచింది. "నేను ఉన్నమాటే కదమ్మా చెప్పింది."

"ఉన్నమాటే సారూ. మీరు తప్పు చెప్పరు." ఆమె గొంతు పెంచలేదు. "నేను ఆ ఇంటికి పోయేటప్పుడు దానికి మూడేండ్లు. ఒళ్ళంతా గజ్జి. దినామూ వేపాకు నీళ్ళు కాసి పోసినా. తల్లో పేలు తీసినా. బడికి పోనని ఏడిస్తే సంకనేసుకొని పోయి ఆడనే వాకిట్లో కూర్చుంటా ఉంటి. ఇదంతా మీ రిజిస్టర్లో యాడ రాసినారు సారూ?"

ఆమె కొడుకును ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆదివారం సాయంత్రం బస్సుకు పాపను పంపుతున్నామని మాత్రం గడప దగ్గర చెప్పింది.

ఆ ఆదివారం నెలలో మొదటిది. ప్రభువు బల్ల ఆరాధన, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరికైనా ఇంకొకరితో తగవు ఉంటే, రొట్టె ముట్టుకోకముందే తేల్చుకోవాలి. తేల్చుకోనివాళ్ళు ఆ రోజు తీసుకోకుండా వెనక బెంచీలో కూర్చుంటారు. తప్పు చేసినవాడే తన కాళ్ళతో అవతలివాళ్ళ ఇంటికి నడిచి పోవాలి, కబురు పంపకూడదు. దీనివల్ల మా ఊళ్ళో పొలం గట్ల తగాదాలు చాలావరకు శనివారమే తీరిపోతాయి. చిన్న చిన్న గ్లాసుల పళ్ళెం వరుసల వెంట తీసుకుపోయే పని నాది.

పాస్టరుగారు రొట్టె మీద ప్రార్థన చేస్తుండగా నా మనసులో మెదిలింది ఒకటే. నలభై ఏళ్ళుగా నేను ప్రసంగాల్లో చెబుతున్నదేమిటి? మనమెవరమూ దేవుడికి పుట్టుకతో బిడ్డలం కామని, ఆయన మనల్ని తెచ్చుకుని తన బిడ్డలని అన్నాడని. ఆ హక్కుతోనే కదా ఆయనను 'మా తండ్రీ' అని పిలుస్తున్నాను. ఎవరైనా నన్ను ఆపి, అది సరికాదు, దిద్దుకో అంటే నేనేమైపోతాను? కనకపోయినా ప్రభువును పెంచిన వడ్రంగిని కూడా ఊరివాళ్ళు ఆయన తండ్రి అనే అన్నారు. ఆ వడ్రంగి ఇంట్లో బోర్డు పెట్టి గీత గీసినవాడు ఎవడూ లేడు.

పళ్ళెం పక్కనున్న మరో సంఘ పెద్దకు ఇచ్చి వెనక బెంచీకి పోయి కూర్చున్నాను. సంఘమంతా తలలు తిప్పింది. అక్కడ మా సంఘంలోకెల్లా పెద్ద వయసు జేజి ఒకామె ఉంటుంది, మోకాళ్ళ నొప్పులకు కాళ్ళు చాపుకోవడానికి వెనకే కూర్చుంటుంది. చెవులు వినపడవు కాబట్టి గట్టిగా మాట్లాడుతుంది.

"ఏమప్పా సారూ! ఎవురితో కొట్లాడితివి?"

"ఒక పాపతో జేజీ" అన్నాను ఆమె చెవి దగ్గరికి వంగి.

"పాపతోనా!" ముందు వరుసల దాకా వినబడింది. "సిగ్గుండాదా? మరి ఈడ కూర్చుంటే ఏమొస్తాది? పో, లేచి పో."

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. నేను లేచి బయటికి నడిచాను.

వాళ్ళ ఇల్లు రైల్వే గేటు దాటాక, లారీలు ఆగే చోటికి వెనక ఉంది. నాపరాళ్ళు పరిచిన మిద్దె. చెట్ల ఆకుల మీద, గోడల మీద, ఆరేసిన బట్టల మీద సిమెంటు దుమ్ము. ఆ పూట వాళ్ళు ఆరాధనకు రాలేదు. పాప వాకిట్లో బట్టల సంచీ జిప్పు వేసుకుంటోంది. ఆమె లోపల పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు. కుర్చీ తేబోతే వద్దని అరుగు రాయి మీద కూర్చున్నాను.

ముప్పై ఏళ్ళు మాస్టరుగిరీ చేసి ఒక పిల్లను క్షమాపణ అడగడం నాకు అలవాటు లేదు. "పాపా, ఆ రోజు నేను తప్పు చేశాను. నన్ను క్షమించమ్మా" అన్నాను.

పాప బెదిరినట్టు చిన్నమ్మ వైపు చూసింది. "మీరు రాసింది కరెక్టే గదా సారూ."

"రాసింది కరెక్టే. చేసింది తప్పు. మీ చిన్నమ్మ నిన్ను తన కూతురని తనే చెప్పింది. దాన్ని నేను కొట్టేసి నా మాట ఆమె నోట్లో పెట్టాను. ఆమె నోటి నుంచి నువ్వు విన్నది నా మాట, ఆమెది కాదు."

పాప సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. ధైర్యం కూడదీసుకుని అడిగింది.

"సారూ, నేను ఈయమ్మను మా అమ్మ అనేస్తే... ఆయమ్మకు ఎవురుంటారు? ఆయమ్మకు నేనొక్కతే గదా."

అప్పుడు తెలిసింది నాకు, ఆ బిడ్డ ఇన్నేళ్ళు మోస్తున్నది ఏమిటో. ఈమె మీద ప్రేమ లేక కాదు. చనిపోయిన తల్లి ఒంటరిదైపోతుందని భయం. నేను ఏదో వాక్యం ఎత్తి ఓదార్చబోయాను. ఈలోపు ఆమె పొయ్యి దగ్గర నుంచి వచ్చి దరఖాస్తు కాగితం పాప ముందు పెట్టింది. తల్లి పేరు రాయవలసిన గడి ఇంకా ఖాళీగా ఉంది.

"మీ అమ్మ పేరు రాయి" అంది. "ఆ గడిలో ఆయమ్మే ఉండల్ల. పేరు కూడా తీసేస్తే ఆయమ్మకు ఇంగ ఏముండాది? నాకు గడి ఎందుకే, నేను నీ పక్కనే ఉండా గదా."

పాప రాసింది. అక్షరాలు గుండ్రంగా, ఒత్తి ఒత్తి రాసింది.

"ఇంటర్వ్యూకి పోతా" అంది రాశాక. "కోయిలకుంట్ల సంగతి అది అయినాంక చెప్తా." సంచీ మాత్రం విప్పలేదు.

బుధవారం నేను కూడా వాళ్ళతో బడికి పోయాను. గేటు పక్క వేపచెట్టు కింద కూర్చోమన్నారు. ముందు తల్లిని పిలిచి పంపించేశారు, తర్వాత పాపను ఒక్కదాన్నే పిలిచారు. ఆమె బయటికి వచ్చి చెమట తుడుచుకుంటూ, "'హీ' అనాల్సిన చోట 'షీ' అన్యా సారూ, మా ఆయన్ను ఆడమనిషిని చేసి పెట్టినా" అంది. "పాపను మాత్రం 'మై డాటర్' అన్యా. అది మీరు అడ్డమొచ్చినా అంటాంటి."

పావుగంటకు పాప వచ్చింది. నేరుగా నా దగ్గరికే వచ్చి నిలబడింది.

"సారూ, మేడం బయటికి చెయ్యి చూపిచ్చి ఆమె ఎవరు అని అడిగింది. 'దిస్ ఈజ్ మై మదర్' అన్యా. మరి కాగితంలో పేరు వేరే ఉంది కదా అనింది. ఆ పేరు మీద ఏలు పెట్టి 'దట్ ఈజ్ ఆల్సో మై మదర్' అన్యా." ఊపిరి పీల్చుకుంది. "తప్పా సారూ?"

చిన్నమ్మ కిటికీ అవతల దూరంగా ఉంటే 'దిస్' అంది. తల్లి పేరు వేలి కిందే ఉంటే 'దట్' అంది. వ్యాకరణం చెప్పేవాడైతే రెంటినీ తారుమారు చెయ్యమంటాడు.

"తప్పు లేదమ్మా" అన్నాను. "ఒక్క అక్షరం కూడా తప్పు లేదు."

"ఏమంటాంది సారూ?" అంది ఆమె. పాప గొంతు తగ్గించి గబగబా ఇంగ్లీషు ముక్కలు కలిపి చెప్పడంతో ఆమెకు అందలేదు. "మీరన్నా తెలుగులో చెప్పండి."

"నువ్వే అడుగమ్మా పాపను."

ఆమె అడగబోయింది. పాప ముఖం పక్కకు తిప్పుకుని, చెప్పుల్లోకి చేరిన మట్టి దులుపుకుంది.

"ఏం లేదులే చిన్నమ్మా. పోదాం పా, తమ్ముడు పక్కింట్లో ఏడుస్తాంటాడు." గేటు దాటాక వెనక్కి తిరగకుండానే అంది. "కోయిలకుంట్లకు సెలవుల్లో పోదాం. నువ్వు కూడా రావల్ల. అవ్వకు నేను చెప్తా."

ఆమె నడుస్తూ నడుస్తూ పాప జడ చివర ఊడిన రిబ్బను చేతిలోకి తీసుకుని ముడి వేసింది. నేను రెండడుగులు వెనకబడ్డాను.