భయం నంజుకున్న గోరుముద్దలు

ఆరోగ్యప్రదాత ధన్వంతరికి అంజలి ఘటించి, ఒక పసిదాని వృత్తాంతం చెప్పబూనుతున్నాను. అది బహుధాన్య నామ సంవత్సరం, కార్తీక బహుళ పంచమి. ఇంగ్లీషు లెక్కన 1998 నవంబరు. భీమవరానికి చేరువలోని ఒక ఊళ్లో నా ఆయుర్వేద వైద్యశాల ఉండేది. శిశువుల వైద్యాన్ని మా శాస్త్రం కౌమారభృత్యం అంటుంది. నేను ఎక్కువగా చేసినది అదే.

ఆ ఉదయం రొయ్యల చెరువుల రైతు సత్యంగారు, తల్లి సూరమ్మగారినీ భార్య పద్మనూ వెంటబెట్టుకుని వచ్చారు. పద్మ చంకలో మూడో ఏడు నడుస్తున్న కూతురు బుజ్జి. జ్వరం లేదు, అజీర్తి లేదు. తండ్రి చేయి చాపితే చాలు, రెండు అరచేతులతో ఆయనను తోసివేసి కెవ్వుమంటుంది. వారు చెప్పుకున్న జబ్బు అదొక్కటే.

"మాఘ పంచమికి అక్షరాభ్యాసం పెట్టుకున్నామండి. నా ఒడిలో కూర్చోబెట్టుకుని నేనే చెయ్యి పట్టి దిద్దించాలి. ఏదైనా మందివ్వండి. పోనీ, తాయెత్తయినా కట్టండి," అన్నారు సత్యంగారు.

"తాయెత్తు కట్టాలన్నా ముందు దగ్గరకు రానివ్వాలి కదండీ," అన్నాను.

పద్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

కేస్ హిస్టరీ, అనగా రోగి పూర్వవృత్తాంతం, అడిగి తెలుసుకున్నాను. చెరువు నీటికి గాలినందించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతుండాలి గనుక ఆయన కాపలా గట్టు మీదే. ఇల్లు చేరేసరికి పొద్దెక్కుతుంది. బిడ్డను ఏనాడూ కొట్టలేదు, కసరలేదు. నాకు కారణం అంతుబట్టలేదు.

ఆకలి మందగించిందేమోనని కొంచెం చూర్ణం తేనెలో రంగరించి ఇచ్చాను. బుజ్జి పెదవులు బిగించింది. సూరమ్మగారు అలవాటు చొప్పున వేలు చూపి, "అదిగో మీ నాన్న! పట్టుకుపోతాడు, మింగెయ్!" అన్నారు. పిల్ల గుటుక్కున మింగి తల్లి మెడ కరుచుకుంది.

సత్యంగారు తల్లివంక తిరిగారు. "రోజూ ఇంతేనా అమ్మా?"

"మరి ముద్ద దిగొద్దురా? నలుగుర్ని ఇలాగే పెంచాను. మీ నాన్న పేరు చెబితేనేగా నువ్వు తిన్నది?"

"తిన్నానమ్మా. ఆయన పోయేదాకా ఆయన ఎదుట కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు కూడా."

నేను మందు పొట్లం కట్టలేదు. ఆ ఇంట అన్నం పెట్టేటప్పుడు ఆయన పేరు ఎత్తరాదన్నాను. "మీరు పిలవకండి, చేయి చాపకండి. కంటికి ఆనేంత దూరంలో ఊరికే కూర్చోండి. తోస్తే నొచ్చుకోకండి. అది తనంత తాను రావాలి," అని సత్యంగారికి చెప్పాను.

ఆయన శ్రద్ధగా పాటించారు. ఇంటికి రాగానే పంచలో చతికిలబడి తేగలు చీల్చుకుని తినేవారట. మార్గశిరంలో ఒకనాడు బుజ్జి స్తంభం చాటునుంచి వచ్చి, ఆయన చేతిలోని తేగ ముక్క లాక్కుని పారిపోయిందట. ఆ సంగతి చెప్పడానికి ఆయన మోటారుసైకిలు వేసుకుని నా దగ్గరికి వచ్చారు. "నా చేతిలోదేనండి! పక్కన ఇంకా ఉన్నాయి, అవి ముట్టుకోలేదు," అంటుంటే ఆ ముఖం వెలిగిపోయింది. మరికొన్నాళ్లకు పక్కన కూర్చుని తింటోందని కబురు వచ్చింది.

పుష్యంలో చెరువులకు వైట్ స్పాట్ తగిలింది. రొయ్య పెంకు మీద తెల్లమచ్చలు వేసి, చూస్తుండగానే చెరువును ఊడ్చుకుపోయే రోగమది. ఆయన ఇంటిముఖం చూడలేదు. పిల్ల అన్నం దగ్గర మారాం చేసింది. సూరమ్మగారి నాలుక పాత తోవ పట్టింది.

అక్షరాభ్యాసానికి నన్నూ పిలిచారు. సత్యంగారు గట్టు నుంచి వచ్చి, స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని పీటమీద కూర్చున్నారు. ఎదుట పళ్లెంలో బియ్యం. పద్మ పిల్లను ఒడిలో దింపబోగా, బుజ్జి రెండు చేతులా తండ్రి గుండెలమీద తోసింది. బంధువులు ఘొల్లున నవ్వారు. "ఏం బావా, కూతురు అప్పుడే గెంటేస్తోందా?" అని ఎవరో అన్నారు.

"నవ్వకండి," అన్నాను. "సత్యంగారూ, పిల్లను తల్లి ఒడిలోనే ఉంచండి. మీరు పక్కన కూర్చోండి. వేలు పట్టుకోనిస్తుంది."

"వద్దులెండి. ముహూర్తం దాటిపోతుంది. బావమరిదిని కూర్చోమనండి," అని ఆయన లేచారు. గుమ్మం దాటేటప్పుడు పంచ వైపు చూశారు, ఆగలేదు.

ఆ కేసు నాకు నేర్పినది ఇది. పసివారు తోసివేయడంలో ద్వేషం ఉండదు. ఇంటివారు కూరిన భయం ఉంటుంది. ఓపికగా కూర్చుంటే అది కరుగుతుంది, తేగ ముక్క సాక్షి. నలుగురి నవ్వు తగిలిన పెద్దవారి మనసు మాత్రం అంత తేలికగా కరగదు. పథ్యం బిడ్డకు చెప్పి లాభం లేదు. ఇంటిల్లిపాదికీ, వచ్చిపోయే చుట్టాలకూ చెప్పాలి. ఈ మాట తలచినప్పుడల్లా ఆయన విడిచి లేచిన ఆ పీట నా కళ్లముందు నిలుస్తుంది.

1999 జనవరి, మాఘ శుద్ధ పంచమి నాడు బుజ్జి మేనమామ ఒడిలో ఓనమాలు దిద్దింది. ఆ వేసవిలో సత్యంగారు చెరువు గట్టున గది కట్టించుకుని అక్కడే ఉండసాగారు. 2005లో బుజ్జికి జ్వరం వస్తే నా వైద్యశాలకు తీసుకువచ్చినది మేనమామ.