సబ్బుకు లొంగని అంబర్

మా పాపకు రెండోసారి ఆయాసం వచ్చినప్పుడు నెల్లూరులో డాక్టరు గారు, "ఇంట్లో పొగ వద్దు, సెంట్లు వద్దు," అన్నారు. మాదేమో అత్తర్లు అమ్మే ఇల్లు. అల్లూరు బజారులో మా మామకు, అంటే పాప తాతకు, చిన్న కొట్టు ఉంది. అత్తర్లు, కళ్లకు పెట్టుకునే సుర్మా, టోపీలు అమ్ముతారు. డాక్టరు మాట వినగానే ఆయన పాపను నా చేతుల్లో పెట్టి రెండడుగులు వెనక్కి జరిగారు. మళ్లీ ఎత్తుకోలేదు.

నేను వద్దనీ అనలేదు, పర్వాలేదనీ అనలేదు. భయం. పాప నిద్రలో కొంచెం గట్టిగా ఊపిరి తీసినా లేచి కూర్చునేదాన్ని. స్నానమయ్యాక పాప జుట్టుకు పట్టే సాంబ్రాణి పొగను అత్త ఆ రోజే మానేసింది. పౌడరు డబ్బా కూడా తీసి అటక మీద పడేశాను.

మామ దగ్గర వచ్చేది అంబర్ వాసన. కొట్లో ఎన్ని రకాలున్నా ఆయన రాసుకునేది అదొక్కటే. తియ్యగా, వెచ్చగా, ఎండలో ఆరేసిన బొంతలో ముఖం పెట్టినట్టు ఉంటుంది. రొయ్యల గుంటల్లో పనిచేసే పక్కింటి అన్న ఎప్పుడూ ఆటపట్టిస్తాడు.

"ఏంది మామా, తిమింగలం కక్కింది అమ్ముతా ఉండావంట? పోలీసులొస్తారు జాగ్రత్త."

"తిమింగలం నా కొట్టుకొచ్చేదుంటే ముందు నీ గుంటలో రొయ్యలన్నీ మింగి వస్తది, పోరా."

తిమింగలం కక్కే అంబర్‌గ్రిస్ అమ్మితే నేరమే. నిజానికి మామ అత్తరులో ఆ తిమింగలమూ లేదు, అంబర్ అనే పసుపు రాయీ లేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, పెళ్లయిన కొత్తలో ఉండబట్టలేక అడిగాను. ఏవో విదేశీ పొదల జిగురు, సాంబ్రాణి, వెనీలా. వీటిని కలిపి కొన్నాళ్లు కదపకుండా ఉంచితే మూడింటిలో లేని వాసన ఒకటి పుడుతుందట. "దానికో పేరు కావాల కదమ్మా, అంబర్ అన్నారు," అని నవ్వారు మామ. నిమ్మ, మల్లె పూటలో ఎగిరిపోతాయి. ఇది మాత్రం ఉతికినా బట్టను వదలదు. కొనేవాళ్లకు ఆయన గర్వంగా చెప్పే మాట అదే.

ఇప్పుడు అదే ఆయనకు అడ్డమైంది. అత్తరు రాసుకోవడం మానేశారు. కొట్టు నుంచి రాగానే పెరట్లోనే స్నానం. చొక్కాలు ఒకసారి కుంకుడు రసంతో, ఇంకోసారి బట్టల సోడాతో ఉతికించారు. ఆరిన చొక్కా నా దగ్గరికి తెచ్చి, "చూడమ్మా, పోయిందా?" అని అడిగేవారు. నేను వాసన చూసి తల అడ్డంగా ఊపేదాన్ని. "సబ్బుకు లొంగే సరుకు కాదులే," అని నవ్వబోయి ఊరుకునేవారు. పాప పాక్కుంటూ వెళ్లి, తాతను "దా... దా..." అని పిలుస్తూ చేతులు చాపితే, గడప అవతల నుంచే చిటికెలు వేసేవారు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆయన మందు సబ్బుతో ఒళ్లంతా రుద్దుకొని, పక్కింటి అన్నను అడిగి అతని చొక్కా తొడుక్కొని వచ్చారు.

"ఇప్పుడు చూడు."

అంబర్ లేదు. మందు సబ్బు, దాని అడుగున రొయ్యల మేత. నవ్వొచ్చింది కానీ ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. పాపను అందించాను.

పుట్టినప్పటి నుంచి ఆయన మెడ వంపులో ముఖం దాచుకొని నిద్రపోయిన పిల్ల. అలవాటుగా అక్కడే ముక్కు పెట్టింది. వెంటనే వెనక్కి విరుచుకొని కెవ్వుమంది. రెండు చేతులూ నా వైపు చాపింది.

"నేనేరా తల్లీ, దాదాని," అంటున్నారు మామ.

అత్త లోపలి నుంచి వచ్చి, "రొయ్యల గుంట లేచొచ్చి దాదానంటే అదెట్ట నమ్ముతుంది?" అంది. ఆయన గుండీలు విప్పుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయారు.

మర్నాడే నెల్లూరు వెళ్లాను. ఈసారి డాక్టరు గారిని విడమరిచి అడిగాను. పొగ, స్ప్రే, ఒంటికి రాసుకునే అత్తరు వద్దన్నారు. ఉతికిన బట్టలో మిగిలిన వాసనకు పాప ఎప్పుడైనా ఇబ్బంది పడిందా అని అడిగారు. ఆలోచించాను. ఆయాసం వచ్చిన రెండుసార్లూ ముందు జలుబు చేసింది. మామ దగ్గర ఉన్నప్పుడు ఎన్నడూ రాలేదు.

"అయితే ఎత్తుకోనివ్వండి. గమనిస్తూ ఉండండి. ఏ కొంచెం తేడా అనిపించినా తీసుకురండి."

ఇంటికొచ్చి, సోడాలో ఉతికి ఉతికి వెలిసిపోయిన మామ చొక్కా తీసి ఇచ్చాను.

"వాసనుందమ్మా దాంట్లో."

"ఉంది మామా. అది లేకపోతే మీరెవరో దానికి తెలియటం లేదు."

ఆయన చొక్కా తొడుక్కొని మంచం అంచున కూర్చున్నారు. పాప అనుమానంగా చూసింది. మెడ దగ్గర ముక్కు పెట్టింది. పై గుండీ నోట్లో పెట్టుకొని అక్కడే ఒదిగిపోయింది. నేను పక్కనే కూర్చొని దాని వీపు మీద చెయ్యి వేసి ఊపిరి చూస్తున్నాను.

"ఎట్టుందమ్మా?" అన్నారు మామ, కదలకుండా, గొంతు బాగా తగ్గించి.

"బాగుంది మామా."

ఇది రాస్తూ కూడా మధ్యమధ్య ఆగి వింటున్నాను. పాప నా పక్కనే నిద్రపోతోంది. జుట్టుకు కాస్త అంబర్ అంటుకుంది. రేపు తలంటు పోసినా పోదని నాకు తెలుసు.