సముద్రంలో సిగ్నలు దొరికే చోటు

ఈ ప్రయాణం గురించి ఇప్పుడే రాయాలి. నెలాఖరుకి ఒక ఫోను కంపెనీ వాళ్లు కొత్త త్రీజీ టవరుకి స్థలం చూడడానికి అక్కుపల్లి వైపు వస్తున్నారు. మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేనే కాబట్టి, ఊరి తరఫున అర్జీ రాసే పని అక్కుపల్లిలో పడవ మీద వేటకెళ్లే మా మేనమామ నాకు అప్పగించాడు. సిగ్నలు ఎక్కడ అందుతుందో, ఎక్కడ అందదో చూసి రాద్దామని ఆదివారం టెక్కలిలో ఏడు గంటల బస్సెక్కాను.

పలాసకి గంట ప్రయాణం. దారిలో డ్రైవరు రేడియోలో వార్తలు వచ్చాయి: వాయుగుండం, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. మావ తెల్లారకముందే వెళ్లిపోయి ఉంటాడు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. బస్సు దిగిన కాశీబుగ్గలో టీ కూడా తాగకుండా షేర్ ఆటో ఎక్కాను. అక్కుపల్లికి పదిహేను రూపాయలు. జీడితోటల మధ్య దారంతా నంబరు నొక్కుతూనే ఉన్నాను.

"అలగ నొక్కితే బటన్లరిగిపోతాయమ్మా," అన్నాడు ఆటో అతను. "తోటల్లో సిగ్నలు నేదు. ఊరు దాటి ఇసకదిబ్బెక్కాల."

తొమ్మిదిన్నరకి దిబ్బ ఎక్కేసరికి అత్త అక్కడే ఉంది, ఒళ్లో ఫోను పెట్టుకుని. వార్త చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. అయినా ముందు నా చేతిలో ఫోను లాక్కుంది.

"ఒలే, ఇటునుంచి నువ్వు కొడతంటే మీ మావకి ఎంగేజీ వత్తాది. ఊరుకో."

"స్విచ్చాఫంటంది కదత్తా!"

"బేటరీ అయిపోద్దని ఆపేసుంచుతారు. ఎనకాల కొండ కొన, ఒడ్డునున్న జంట కొబ్బరిసెట్లు ఒక్క వరసలోకొత్తే అక్కడ సిగ్నలు. రోజూ అక్కడాగి ఏ సేప పడ్డాదో సెప్తారు. బేరగాళ్లు రావాల గదా."

వల వేసిన చోటు మళ్లీ కనుక్కోవడానికి వాళ్ల తాతలు ఇలాగే ఒడ్డు మీది రెండు గుర్తులు కలుపుకొనేవారు. ఇప్పుడు అదే పద్ధతిలో సిగ్నలు వెతుక్కుంటున్నారు. నా ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో ఇది లేదు.

గాలి పెరిగింది. పదకొండుకి పది నిమిషాలుండగా అత్త ఫోను మోగింది. ఆమె స్పీకరు నొక్కి అరిచింది.

"మావా, వాయుగుండమంట! బేగొచ్చీ!"

"అందుకేనేటి నీరలగ తిరగబడతంది? పక్క పడవలోలకి తువ్వాలూపుతాను. నువ్వు తిన్నావేటి?"

అంతలో తెగిపోయింది. "సావు ముందర పెట్టుకుని తిన్నావా అంతాడు సూడు!" అంటూ అత్త నవ్వింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఒంటిగంటకల్లా ఊళ్లోంచి వేటకెళ్లిన అయిదు పడవలూ ఒడ్డెక్కాయి. అప్పటిదాకా ఆకలన్నదే తెలియలేదు. భోజనాల దగ్గర, కొత్త ఫోనుల్లో మొకాలు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చని చెప్పాను. "ఈ మొకం సూసేదేటి, మాటందితే సాలు," అంది అత్త.

త్రీజీ తరవాత ఇంకా వేగమైనవి వస్తాయని చదివాను. రానివ్వండి. ఆ వేగంలో కొంత సముద్రం వైపు కూడా తిరగాలి. వాయుగుండం బొమ్మ పడవలో ఫోను మీదే కనబడే రోజు నేను చూస్తాననే నమ్మకంతో, తేలికపడిన మనసుతో సాయంత్రం ఆటో ఎక్కాను.

ఈ తీరానికి వెళ్లేవారు తోటల్లోకి రాకముందే కాశీబుగ్గలో ఫోను మాటలు ముగించుకోండి. సంతబొమ్మాళి నుంచి వజ్రపుకొత్తూరు దాకా మీకు ఎక్కడ సిగ్నలు పోయిందో, ఎక్కడ దొరికిందో ఊరి పేరుతో ఈ నెల ఇరవయ్యో తేదీలోగా కింద వ్యాఖ్యల్లో రాయండి. ఇరవై ఒకటిన అర్జీ ఇచ్చేస్తాను.