స్వరపేటిక తీసేశాక సాంబయ్య నేర్చిన మాట

1983లో నేను వరంగల్‌లోని ఒక పెద్ద దవాఖానలో, ఈఎన్‌టీ వార్డులో స్టాఫ్ నర్సుని. ఈఎన్‌టీ అంటే చెవి, ముక్కు, గొంతు జబ్బులు చూసే విభాగం. ఉద్యోగంలో చేరి ఆరేళ్లు దాటింది కాబట్టి చూడాల్సిందంతా చూసేశానని అనుకునేదాన్ని.

ఆ ఎండాకాలం కేసముద్రం నుంచి సాంబయ్య అనే ఆయన వచ్చి చేరాడు. యాభై దాటిన మనిషి. అక్కడి మార్కెట్ యార్డులో వడ్లు, మిరప రాశుల ముందు నిలబడి వేలం పాడడం ఆయన పని.

"నేను పాడితే రైలు స్టేషన్ల ఇనబడేది బిడ్డా" అన్నాడు. ఆ మాట వినడానికి నేను ఆయన నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది. నాలుగు నెలలుగా గొంతు బొంగురు. యార్డు దుమ్ము వల్లే అనుకుని మిరియాల కషాయం తాగుతూ గడిపాడట. పరీక్ష చేస్తే స్వరపేటికలో క్యాన్సర్ అని తేలింది.

డాక్టరుగారు ఏదీ దాచలేదు. లారింజెక్టమీ చేయాలన్నారు. అంటే స్వరపేటికను మొత్తం తీసేయడం. ఇక ఊపిరి ముక్కుతో కాదు, మెడ కింద చేసే రంధ్రంతో. దాన్ని మేం స్టోమా అంటాం. ప్రాణం నిలుస్తుంది, గొంతు పోతుంది.

సాంబయ్య మంచం దిగి చెప్పులేసుకున్నాడు. "మాట తీస్కునేటట్టైతే పానం గూడ తీస్కోండ్రి సారు."

ఆయన భార్య లచ్చవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ముప్పయ్యేండ్లు నీ మాట నేను ఇన్న. గీ ఒక్క మాట నువ్వు ఇను. మాట్లాడకున్నా మంచిదే, నా ఎదురుంగ కూసుండాలె."

ఆయన చెప్పులు విప్పి మంచం కిందికి తోశాడు.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ వచ్చింది. జర ఆగమని సైగ చేసి, వార్డులో ఒక్కో మంచం దగ్గరికి వెళ్లి ఒక్కో రోగినీ పేరు పెట్టి పిలిచాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. రోజూ నన్ను "బిడ్డా" అనే మనిషి నా ముందుకొచ్చి "సరోజనా" అన్నాడు. చివరికి లచ్చవ్వను పిలిచాడు, రెండుసార్లు. అప్పుడు తెలిసింది, మిగిలిన గొంతును ఇలా వాడుకుంటున్నాడని.

ఆపరేషన్ బాగా జరిగింది. ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి గొట్టంతో, అంటే రైల్స్ ట్యూబుతో, పది రోజులు పాలూ గంజీ పోశాం. గంటకోసారి స్టోమాలోని కఫాన్ని సక్షన్ మిషన్‌తో లాగేదాన్ని. రాసుకోవడానికి పలక ఇస్తే ముట్టుకోలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు మందు ఇవ్వడానికి వెళ్తే దిండు తడిసి ఉంది. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. స్వరపేటిక లేనివాళ్ల ఏడుపు కూడా బయటికి వినబడదని నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పాం. స్టోమా మీద ఎప్పుడూ తడి గుడ్డ ఉండాలి. చెరువులో దిగొద్దు, స్నానం మెడ కిందికే. వాసనలు సరిగా తెలియవు. వేడి చాయ్‌ని ఊది చల్లార్చుకోవడం కూడా కుదరదు. ఆఖరున డాక్టరుగారు ఇంకో మాట చెప్పారు. కొంతమంది గాలిని అన్నవాహికలోకి తీసుకుని, తేపులా, అంటే త్రేన్పులా, పైకి వదులుతూ మాట్లాడడం నేర్చుకుంటారట. నేర్పేవాళ్లు మన దగ్గర లేరు, ప్రయత్నించి చూడమన్నారు.

"తేపుతోని మాటనా సారు?" అని లచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

నెలకోసారి చూపించుకోవడానికి వచ్చేవాళ్లు. మూడో నెల నేను స్టోమా శుభ్రం చేస్తూ లచ్చవ్వను అడిగాను, "మంచిగ తింటున్నాడా?"

"తింటాండు బిడ్డా, ఏది పెడితే అది."

నా చేతుల కిందనుంచి ఒక శబ్దం వచ్చింది. గరుకుగా, లోతుగా. "పప్పు."

నా చేతిలో పట్టుకారు అలాగే ఆగిపోయింది. సాంబయ్య పెదాలు బిగించి, గాలి మింగి, మళ్లీ అన్నాడు. "రోజూ... పప్పే."

"అయ్యో, ఇంట్ల నాతోని ఒక్క మాట చెప్పలే, సిస్టరమ్మకు చాడీలు చెప్తాండు సూడు!" అని లచ్చవ్వ ఆయన వీపు మీద ఒక్కటిచ్చి, బెంచీ మీద కూలబడి గట్టిగా ఏడ్చింది.

తర్వాత పలక మీద రాసి చూపించాడు. మధ్యాహ్నం పూట పెరట్లో కూర్చుని గోలీసోడా తాగి, వచ్చిన ప్రతి తేపునూ ఒక అక్షరం చేయడానికి చూశాడట. కడుపు ఉబ్బేది. పక్కింటివాళ్లు మతి చెడిందనుకున్నారు. కొన్నాళ్లకు సోడా లేకుండానే గాలి మింగడం పట్టుబడిందట.

ఆపరేషన్ రోజు ఆ స్వరపేటికను ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబుకు పంపింది నేనే. అది లేని మనిషి నా ఎదురుగా కూర్చుని కూర గురించి ఫిర్యాదు చేస్తున్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. సంతోషం అనలేను. అంతకంటే పెద్దదేదో చూసిన బెదురు లాంటిది.

ఆయన మళ్లీ వేలం పాడలేదు. యార్డు దుమ్ము ఆ రంధ్రానికి పడదు. ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు పెట్టుకుని, వచ్చినవాళ్లతో రెండేసి మాటలు మాట్లాడుతూ చాలా ఏళ్లు బతికాడు.

ఏడాదిన్నర తర్వాత వరంగల్‌లోనే ఉన్న కాశిబుగ్గ నుంచి నర్సింలు అనే నేత కార్మికుడు అదే జబ్బుతో వచ్చి, ఆపరేషన్ వద్దన్నాడు. నేను ఎంత చెప్పినా తల అడ్డంగానే ఊపాడు. డాక్టరుగారు సాంబయ్యకు రమ్మని పోస్టుకార్డు రాయించారు. అది అందిన మర్నాడే ఆయన పొద్దున రైలుబండికి వచ్చేశాడు. నర్సింలు పక్కన కూర్చుని, మెడ మీది గుడ్డ తీసి రంధ్రం చూపించాడు.

"నొప్పుంటదా అన్నా?" అని నర్సింలు అడిగాడు.

ఏం కాదు, భయపడకు అంటాడనుకున్నాను. ఏడెనిమిదేళ్లుగా ప్రతి రోగికీ నేను అంటున్నది అదే.

"ఉంటది" అన్నాడు సాంబయ్య. గాలి మింగాడు. "ఏడుస్తవు." మళ్లీ మింగాడు. "నేను... ఏడ్సిన." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇగో... కూసున్న."

నర్సింలు ఆ రంధ్రాన్నే చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరిగి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా ఏ రోగితోనూ "ఏం కాదు" అనలేదు. ఏమవుతుందో చెప్పి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని.