జిలేబీలు లెక్కలోకి రావు

2007 సెప్టెంబరు 7, శుక్రవారం, ఉదయం నాలుగు గంటల యాభై నిమిషాలు. సౌదీలోని హుఫూఫ్ పట్టణానికి తూర్పున ఉన్న అల్ అస్ఫర్ సరస్సు ఒడ్డున బండి ఆగింది. వేడి ముప్ఫై డిగ్రీలు. గాలి లేదు. తేమ వల్ల నా కళ్ళద్దాలు తుడిచిన ప్రతిసారీ మళ్ళీ మసకబారాయి. వేడి ఎంతన్నది బండిలోని మీటరు చూపినది. తక్కినది నా పరిశీలన. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా నర్సునైన నాకు, కొలిచినదాన్నీ చూసినదాన్నీ వేరువేరుగా చెప్పడం అలవాటు.

మావారు పశ్చిమ గోదావరిలో చేపల చెరువులు చేసిన మనిషి. ఆ ఏడు ఏప్రిల్‌లో కౌలు గడువు తీరింది. చెరువులు వదిలేసి, జూన్‌లో విజిట్ వీసా మీద నా దగ్గరికి వచ్చారు. నేను ఇక్కడి ఆసుపత్రిలో చేరిన ఈ పదకొండేళ్ళలో మేమిద్దరం నెలకు మించి ఒకే కప్పు కింద ఉన్నది అదే మొదటిసారి. ఆ ఉండటం నాకు ఎంత ఇష్టమో ఆయనకు అంత కష్టమైంది. రెండు గదుల క్వార్టరులో ఆయన నిలవలేకపోయారు. తెల్లవారకముందే లేచేవారు. కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చేవారు, చెప్పులు వేసుకుని విప్పేవారు, కుళాయి కింద అరచేయి పెట్టి నీళ్ళు వాసన చూసేవారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కుర్చీలు ప్రతిరోజూ కొత్త చోట ఉండేవి.

వీసా గడువు సెప్టెంబరు 20. శనివారం ఉదయం ఆసుపత్రి ఆఫీసులో ఆయన పాస్‌పోర్టు ఇవ్వాలి. ఇస్తూ నేను రెండింటిలో ఒకటి అడగాలి: మరో మూడు నెలలకు తమ్దీద్, అంటే పొడిగింపు, లేదా తిరుగు టికెట్. మంగళవారం భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను.

"ఉండమంటే ఉంటాను. ఏం చేత్తా ఉండాలో చెప్పు," అన్నారు.

"ఏవండీ, శుక్రవారం సరస్సుకి వెళ్దాం. అక్కడ చేపలున్నాయంట."

"గాలం ఏసా? గాలం పిల్లకాయలకే. నాది వల."

"వల ఇక్కడ పనికిరాదు. గాలమే."

ఆయన కంచంలో వేలు తిప్పారు. "సరే. శుక్రవారం చేప పడిందా, తమ్దీద్ పెట్టు. పడలేదా, టికెట్ తియ్యి."

"ఎన్ని పడాలి?"

"ఒక్కటి చాలే, సిస్టరుగారూ."

ఆయన నవ్వులాటకే అన్నారేమో. నేను మాత్రం దాన్ని ఒప్పందంగానే తీసుకున్నాను.

బండి నడిపినది మా క్వార్టర్ల ఏసీలు బాగుచేసే జగిత్యాల మనిషి. రెండు గాలపు కర్రలు, దారం చుట్టే చక్రాలతో సహా, అతనివే. ధహ్రాన్‌లో ఇంజినీరుగా చేసి స్వదేశం వెళ్ళిపోయిన అతని పాత ముదీరు, అంటే పై అధికారి, వాటిని ఇచ్చి వెళ్ళాడట. ఆ ముదీరు తన దేశపు కొండ సరస్సుల్లో ట్రౌట్ అనే చేపను పట్టేవాడు.

"ట్రౌటంటే సల్లనీళ్ళ చేప సిస్టర్. ఎండకాలం ఆఖర్ల నీళ్ళు కాగితె అది లోతుకు వోతదట. లేకుంటె కొత్త నీళ్ళు వడే జాగకొస్తదట. మా ముదీర్ రోజు గిదే ముచ్చట."

"సల్లనీళ్ళ చేపని ఏణ్ణీళ్ళలో ఎతుకుతున్నాం. మన తెలివికి తిరుగులేదు," అన్నారు మావారు.

అల్ అస్ఫర్‌లో చేరేది తోటల నుంచి వచ్చే మురుగుకాలువల నీరే. కానీ ఆ పల్లం మనిషి తవ్వినది కాదు. చుట్టూ ఇసుక తిన్నెలు, అంచున రెల్లు. తడిపిన ఖుబుజ్ రొట్టెను ఉండలు చేసి కొక్కేలకు గుచ్చారు. మొదటి గంటలో ఏమీ పడలేదు. అంతసేపూ మావారు కూర్చోలేదు. కర్రను ఇసుకలో గుచ్చి ఒడ్డు వెంట అటు నడిచారు, ఇటు నడిచారు, వంగి నీళ్ళు చేతిలోకి తీసుకున్నారు. ఒకచోట ఆగిపోయి నన్ను రమ్మని సైగ చేశారు.

రెల్లు పక్కన నీటిమీద చిన్నచిన్న నోళ్ళు తెరుచుకుని మూసుకుంటున్నాయి.

"చేప తేలింది చూడు. కింద గాలి లేదు," అన్నారు. ఆయన గొంతు మారింది. చెరువులు చేసే ఇంట్లో ఆ మాట వింటే, ఊపిరాడక చేపలు చచ్చేలోపు మోటారు వేసి కొత్త నీరు పెట్టడానికి అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తుతారు. ఆయన చేయి నడుము దగ్గరికి వెళ్ళింది. మోటారు షెడ్డు తాళంచెవి ఉండే చోటు అది. అక్కడేమీ లేదు.

"ఇప్పుడేం చేస్తారు?" అని అడిగాను.

"ఏం చేత్తాను? మోటారా, గట్టా? ఇది నా చెరువేంటి?" అని, అక్కడే నిలబడ్డారు. ఎండ పైకి వచ్చి ఆ నోళ్ళు మునిగేదాకా కదలలేదు.

జగిత్యాల మనిషి ముదీరు మాటను నమ్మి మమ్మల్ని కాలువ నీరు పడే చోటికి తీసుకెళ్ళాడు. అక్కడ గాలం వేసిన నాలుగో నిమిషంలో మావారి కర్ర వంగింది. అరచేతికి కాస్త మించిన చేప. ఆయన కొక్కెం విప్పి, ముఖం కూడా చూడకుండా, వెనక్కి ఇసుక మీదికి విసిరేశారు.

"గట్ల పారేస్తరేంది సార్? బుల్తీ అది. మార్కెట్ల అరబ్బులు ఎగవడి కొంటరు."

"మీ ఊళ్ళో దీన్నేమంటారు?"

"జిలేబీ."

"మా ఊళ్ళోనూ అదే. పడిందంటే గట్టుమీదకి ఇసిరేత్తాం. బొచ్చెకీ శీలావతికీ ఏసిన మేతంతా ఇదే తినేసి, పైగా పిల్లల్ని పెట్టుకుంటా పోద్ది. దీన్ని చేపంటే బొచ్చె నవ్వుద్ది."

"నవ్వనీయుండ్రి. మా రూముల ఎనమండుగురం ఉన్నం, నవ్వకుంట తింటం."

నేను ఆ చేపను ఏరి, ఇసుక కడిగి, ఐసుపెట్టెలో వేశాను. ఆ తరువాత పడినవాటినీ అలాగే వేశాను. ఎనిమిదిన్నరకు ఎండ నలభైకి చేరువైంది, కర్రలు మడిచారు. అన్నింటిలోకీ పెద్దది ఇరవై మూడు సెంటీమీటర్లు. బట్టలు కొలిచే టేపుతో కొలిచాను. నాకు లోలోపల సంతోషం ఆగలేదు. ఆఫీసు కిటికీ దగ్గర ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

"పదకొండు," అన్నాను.

"ఏంటి పదకొండు?"

"చేపలు."

"చేపలెక్కడియి? అయి జిలేబీలు."

"ఏవండీ, మొప్పలున్నాయి, పొలుసులున్నాయి, నీళ్ళలోంచే వచ్చాయి."

"సిస్టరమ్మ ఒప్పుకోదు," అని ఆయన జగిత్యాల మనిషితో అన్నారు. అతను నవ్వి, బండి తుడవడానికన్నట్టు దూరంగా వెళ్ళాడు.

నేను వాదించగలను. అంకె నా వైపే ఉంది. కానీ మా వార్డులో ఒక్క బాధకు మాత్రం కొలిచే పరికరం లేదు. నొప్పి ఎంతో సున్నా నుంచి పదిలోపు చెప్పమని రోగినే అడుగుతాం. నవ్వుతూ ఎనిమిది అన్నా ఎనిమిదే రాయాలి. మూలుగుతూ రెండు అన్నా రెండే. దిద్దే అధికారం నర్సుకు లేదు. నేను నమ్మే అంకెలలో నేను కొలవనిది అదొక్కటే.

"సరే, మీరే చెప్పండి. ఎన్ని?"

ఆయన కాలువ నీరు సరస్సులో కలిసే చోటు వైపు చూశారు. తరువాత నా వైపు చూశారు. నేను ఏ అంకె వినాలనుకుంటున్నానో ఆయనకు తెలుసు. ముప్ఫై ఏళ్ళ కాపురం.

"సున్నానే," అన్నారు, చాలా మెల్లగా.

మూడు చేపలు ఉంచుకుని, మిగతావి జగిత్యాల మనిషి గదికి పంపాను. మధ్యాహ్నం చింతపండు పులుసు పెట్టాను. మావారు రెండుసార్లు వేయించుకుని తిన్నారు. చేయి కడుక్కుంటూ, "పులుసు బాగా కుదిరిందే. చేప కూడా ఉంటే ఇంకా బాగుండేది," అన్నారు. ఇద్దరం నవ్వాం. నేను ముందు ఆపేశాను.

శనివారం ఉదయం పాస్‌పోర్టు ఇచ్చి, టికెట్ అడిగాను. పంతొమ్మిదో తేదీన దమ్మామ్ నుంచి వెళ్ళారు. ఆ నెలాఖరుకే ఊరి పక్క ఒక చిన్న చెరువు కౌలుకు దొరికిందని ఫోను చేశారు. వెనక మోటారు శబ్దం వల్ల సగం మాటలు వినపడలేదు.

ఆ శుక్రవారం రెండు గాలాలకు పడినవి పదకొండు జిలేబీలు. చేపలు, సున్నా.