శుక్రవారం పూజకు ఆగిన సర్వీసు

బంగారుపాళ్యంలో నేను పనిచేసిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ప్రతి శుక్రవారం యంత్రాలన్నీ ఆపి పూజ చేస్తారు. కాటా దగ్గరున్న నా కంప్యూటర్ మాత్రం యంత్రం కాదా? మేనేజరుగారు దాన్ని కూడా ఆపి, పసుపు కుంకుమ పెట్టి, హారతివ్వాల్సిందే.

అందులో తెర మీద కనపడకుండా నడిచే ప్రోగ్రామ్, అంటే నేను రాసిన సర్వీసు, కాయలు తెచ్చే ట్రాక్టర్లకు టోకెన్ నంబర్లిస్తుంది. కంప్యూటర్ ఆపేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగా ‘ఇక చాలించు’ అని దానికో సిగ్నల్ పంపి కాస్త గడువిస్తుంది. వినకపోతే మెడపట్టి గెంటేస్తుంది. నా మహాతల్లి మొదటి శుక్రవారం ఆ సిగ్నల్‌ని లెక్కచేస్తేగా! గెంటించుకుంది. టోకెన్ల వరుసంతా మాయం. రైతులందరూ నా మీదికొచ్చారు.

“యాడ పాయ నా నంబరు?”

“ఇంగోసారి ఇట్లయితే నువ్వూ నీ పెట్టే తిరుపతి బస్సెక్కండి” అన్నారు మేనేజరుగారు.

ఉద్యోగం పోతుందని ఏడుపొచ్చింది. వారమంతా కూర్చుని సర్వీసుకు బుద్ధి నేర్పాను. సిగ్నల్ రాగానే కొత్త టోకెన్లు ఆపాలి, చేతిలో ఉన్నది ముగించాలి, వరుసను డిస్కులో దాచి అప్పుడు కదలాలి. మళ్లీ లేచాక అక్కడి నుంచే అందుకోవాలి.

సరిగ్గా రెండో శుక్రవారమే వరుసలోకి ఎవరొచ్చారనుకున్నారు? మా నాయన! ముందురోజు నుంచీ తోతాపురి కాయల ట్రాక్టర్ కిందే ఆయన పడక. కాయలు మెత్తబడుతున్నాయి. నంబరు పోతే మళ్లీ మొదటికే.

మేనేజరుగారు కంప్యూటర్ ఆపేశారు. హారతి ఎంతకీ అవ్వదే! చివరికి తెర వెలిగింది. నంబర్లన్నీ ఉన్నాయి! నాకు ఒళ్లు తెలియలేదు. కర్పూరం పళ్లెం పట్టుకున్న ఆయాను వాటేసుకుని గిర్రున తిప్పి, బయటికి పరుగెత్తాను.

“నాయనా, నీ నంబరు పోలేదు! ఉన్నచోటనే ఉండాది!”

నాయన ముందున్న ట్రాక్టర్ల బారు చూశాడు. “ఉన్నచోటనే ఉండేది నాకూ కనిపిస్తా ఉండాదిలే పాపా. ఇంత సదివినావు, రవంత ముందరికి జరపలేకపోతివా?”

ముందు ట్రాక్టరాయన గబుక్కున వెనక్కి తిరిగి నా మొహంలోకే చూశాడు.

“జరపను నాయనా” అన్నాను, నవ్వాపుకోలేక.

ముందు ట్రాక్టరాయన హమ్మయ్య అనుకుని, సద్ది గిన్నె మూత తీసి, మా ఇద్దరికీ చెరొక సంగటి ముద్ద పెట్టాడు.