వెనక్కి తిప్పిన ముడి

నా చిన్నప్పుడు ఈత వచ్చి కూడా రానట్టు నటించి, రెండు నెలల పాటు ఏటి నీళ్ళు తాగినదాన్ని నేను. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమన్నా ఘనకార్యమా? కానీ పోయిన నెల మళ్ళీ ఆ మడుగు దగ్గరికి వెళ్ళి వచ్చాను. అప్పటి నుంచి చెప్పకుండా ఉండబట్టడం లేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే మద్రాసులో పెద్దాసుపత్రిలో చేర్చారు. నాన్న ఆమె దగ్గర ఉండాలి కాబట్టి నన్ను తీసుకొచ్చి, తిరుత్తణికి పడమటగా కొండ కింద ఉండే మా మేనమామ దగ్గర వదిలాడు. మామ ఫారెస్టు వాచరు. పెళ్ళి చేసుకోలేదు. రిజర్వు అడవి మొదట్లో ఆయనకు ఒంటి గది ఇల్లు. పొద్దున్నే కర్ర తీసుకుని అడవిలోకి పోతే మళ్ళీ పొద్దుగూకే వేళకే రావడం. చెవులు వినబడని పక్కింటి పెద్దమ్మ మధ్యాహ్నం నాకింత సంగటి పెట్టేది. ఆమెతో ఏం మాట్లాడాలన్నా అరవాలి. నాలుగు రోజులకు నాకు అరిచే ఓపిక పోయింది. గోడ మీది చీమలతో మాట్లాడుకునేదాన్ని. అమ్మ మీద బెంగ కన్నా ఆ ఇంట్లో ఒక్కదాన్నే పగలంతా గడపడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఇది ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

మామ గమనించినట్టున్నాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "ఈ పిల్లకు ఈత నేర్పించాల" అన్నాడు. పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆడపిల్లకు ఈతెందుకు, నీకేమన్నా పిచ్చి పట్టిందా అని కేకలేసింది. "ఏరొచ్చేటప్పుడు ఆడా మొగా చూసి వస్తాదా పెద్దమ్మా?" అని మామ ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

ఈదడానికి వీలైన మడుగు ఉండేది అడవి లోపల, ఆ అడవిలోకి బయటివాళ్ళు పోకూడదు. చితుకులు ఏరుకున్నాడని సొంత పెదనాన్న కొడుకు చేతనే జరిమానా కట్టించిన మనిషి మా మామ. అబద్ధమాడినవాణ్ణి గడప తొక్కనిచ్చేవాడు కాదు. అలాంటివాడు నాకోసం ఆఫీసరు దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని నిలబడి అనుమతి అడిగాడు. ఆఫీసరు అరవాయన, మహా కచ్చితం. ఈత వచ్చేదాకానే, ఆ తర్వాత పిల్ల అడవిలో కనబడకూడదని చెప్పి ఒప్పుకున్నాడు.

మామతో పాటు అడవిలోకి పోయిన మొదటి రోజే నేను వేరే పిల్లనైపోయాను. ఏటి వెంబడి నడిచి, అది పుట్టే చోటు దాకా పైకి తీసుకుపోయాడు. రాళ్ళ సందులోంచి వేలెడు ధార. ఇంతేనా అన్నాను. "నువ్వు మాత్రం ఎంతుంటివి పుట్టినప్పుడు?" అని నవ్వాడు. అక్కణ్ణుంచి బండల మీద జారి, సగం దారిలో మడుగు కట్టి, కొండ దిగాక ఇసకలో పడి, కొన్నాళ్ళు ఇసక పైన, కొన్నాళ్ళు ఇసక కింద నడిచి పూండి చెరువుకు పోతుందని చెప్పాడు. "ఆడి నుంచి పట్నానికి పోతాయి నీళ్ళు. మీయమ్మ తాగేది ఈ నీళ్ళేమే" అన్నాడు. ఆ మాట విన్నాక నేను మడుగులో ఎన్నడూ ఉచ్చ పోయలేదు.

ఈతకు మునగ బెండ్లు కట్టేవాడు. ఎండిన తేలిక చెక్కలు, మొత్తం ఆరు, ఒక తాడుకు గుచ్చి నా వీపున కట్టి, నేను కెలక్కుండా ముడి కూడా వెనకే వేసేవాడు. నాలుగైదు రోజులకొకసారి ఒక బెండు తీసేసేవాడు, నాకు తెలియదనుకుని. నాకు తెలియకేం! ఆరు అయిదైంది, అయిదు నాలుగైంది. మూడు మిగిలిన రోజున నాకు అర్థమైంది, నన్ను మోస్తున్నది బెండ్లు కాదు, నా కాళ్ళూ చేతులే అని. ఈత వచ్చేసింది. సంతోషపడాలి కదా?  కానీ ఈత వచ్చిందంటే రేపటి నుంచి మళ్ళీ ఆ ఒంటి గది, ఆ చీమలు.

అంతే, కావాలని మునిగాను. "మామా, మునిగిపోతాండా!" అని అరిచాను. నీళ్ళు మింగాను, ముక్కులోకి ఎక్కించుకున్నాను, దగ్గాను. మామ పరుగున దూకి నన్ను ఎత్తుకుని, మర్నాడు ఒక బెండు మళ్ళీ కలిపి కట్టాడు. ఇంకేం, నాకు దారి దొరికింది. ఆయన ఒకటి తీయడం, నేను మునగడం, ఆయన మళ్ళీ కట్టడం. "ఇంత మొద్దుదానివేమే? కప్ప పిల్లలు నయం" అని తిట్టేవాడు. ఆ తిట్లు నాకు తీపిగా ఉండేవి. పొద్దున మడుగు దగ్గర తిట్టించుకుంటే, పగలంతా ఆయన వెనకే అడవిలో తిరగొచ్చు.

ఒకరోజు మధ్యాహ్నం కూడా నాకు బెండ్లు కట్టి, మామ బండ మీద తువ్వాలు పరుచుకుని కునుకు తీశాడు. నాకు ఆశ పుట్టింది. తాడు నడుము చుట్టూ తిప్పి, ముడి ముందుకు తెచ్చి విప్పేశాను. బెండ్లు ఒడ్డున పెట్టి మడుగు ఈ చివర నుంచి ఆ చివరకు ఈది వచ్చాను. దొంగతనంగా ఈదిన ఆ ఒక్క ఈత జన్మలో మరిచిపోలేను. మామ కదిలేలోపు గబగబా బెండ్లు కట్టేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

మామ లేచి నా దగ్గరికి వచ్చాడు. నా కడుపు వైపు చూశాడు. అప్పుడు చూసుకున్నాను నేనూ. ముడి ముందుంది, పైగా జడకు వేసినట్టు పూముడి.   ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ముడి విప్పి, తాడు వెనక్కి తిప్పి, ఎప్పటిలాగే వీపు వెనక బిగించి కట్టాడు.

సరిగ్గా ఆ వారమే ఆఫీసరు అటు వచ్చాడు. రెండు నెలలు దాటింది, పిల్లకు ఇంకా ఈత రాలేదా అని అరవంలో గట్టిగానే అడిగాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. "రాలేదు సార్" అన్నాడు మామ. "బెండ్లు ఇప్పితే రాయి మాదిరి మునుగుతాది."  నా కోసం మా మామ ఆడిన అబద్ధం అదొక్కటే నాకు తెలిసినంత వరకు.

ఆ తర్వాత పది రోజులకు నాన్న వచ్చాడు. గుండుతో వచ్చాడు. మాది తిరుత్తణి సీమ కదా, గుండు కనబడితే మొక్కు అనుకోవడమే మాకు అలవాటు. అమ్మకు నయమై, స్వామి కొండెక్కి తలనీలాలిచ్చి వస్తున్నాడనుకుని ఎదురు పరిగెత్తాను. "అమ్మ యాడ?" అన్నాను. నాన్న నన్ను పట్టుకుని భోరుమన్నాడు.

మర్నాడు ఊరికి బయల్దేరే ముందు మామ నన్ను మడుగు దగ్గరికి తీసుకుపోయాడు. బెండ్లు తేలేదు. "ఈదు" అన్నాడు. నేను ఏడుస్తూనే ఈదాను. అటు చివరకు పోయి వచ్చాను. ఒడ్డున నన్ను తువ్వాలులో చుట్టి, తల తుడుస్తూ, "నాకు ఎప్పుడో తెలుసులేమే. నాలుగు దినాలు ఎక్కువ కట్టుకుంటే బెండ్లేం అరిగిపోవు" అన్నాడు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. మా ఆయన పోయి ఆరేళ్ళు. కడంబత్తూరులో ఒక్కదాన్నే ఉంటాను. ఇంటి వెనక రైళ్ళు పోతుంటాయి, వాటి వేళలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆవడిలో ఉద్యోగం చేసే మా మనవరాలు, మా అమ్మాయి కూతురు, పోయిన నెల వచ్చి "పద అవ్వా, నీ మడుగు చూసొస్తాం" అని కారెక్కించింది. ఇప్పుడక్కడ గేటుంది, టిక్కెట్టుంది, ప్లాస్టిక్ సంచులు వెతికే మనిషి ఉన్నాడు. మంచిదే. శనాదివారాలు పట్నం నుంచి కొండలెక్కే పిల్లలు వస్తారట. నీళ్ళలో తేల్చే నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని, కట్టిన తాడు దాటకుండా మడుగులో కేరింతలు కొడుతున్నారు. చూడగానే, ఓహో, బెండ్లకు కొత్త వేషం వేశారే అనుకున్నాను.

మడుగు దగ్గరికి దిగే బండలు పాచి పట్టి ఉన్నాయి. నాకు కాళ్ళు వణికాయి. చెప్పడానికి నామోషీ. ఒకప్పుడు నావి అనుకున్న బండలాయె. రానులే, ఇక్కడి నుంచే చూస్తానని అనబోతున్నాను. ఇంతలో మా మనవరాలు ఆగిపోయింది. దేశంలో ఎక్కని కొండ లేదు ఆ పిల్లకు, చేపలా ఈదుతుంది. "అవ్వా, నాకు బయమేస్తా ఉంది. కొంచెం నా చెయ్యి పట్టుకోవా?" అంది.

పట్టుకున్నాను. ఆ చేతిలో వణుకు లేదు. వణికేదంతా నాదే.

"సెరి సెరి, బయపడొద్దు. నేనుండా గదా" అన్నాను. ఇద్దరం మెల్లగా దిగాం.